డోర్నకల్లు అజరయ్య

కాజీపేటనుండి విజయవాడకు పోవు రైలుదారిలో డోర్నకల్లు ఒక జంక్షను. బొగ్గుగనుల వైపు పోవు రైలు కొరకు అక్కడ దిగి ఎదురుచూచినవారు లెక్కకు మిక్కిలి. ఊరిలోనికి నడచి అక్కడి క్రైస్తవ దేవాలయమును చూచివచ్చినవారు మాత్రము కొద్దిమంది. చూచినవారికి మొదట కలిగే సందేహము ఒక్కటే: ఈ కట్టడము ఏ మతమువారిది? పైన మసీదులకుండే గుమ్మటములు, మినారులు. లోపల మన గుడి మండపములను తలపించే స్తంభములు. రాతిపై తామరపూల చెక్కడము. ఏండ్ల తరబడి సాగిన ఆ నిర్మాణము ముగిసి, 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠ జరిగినది. దానిని కట్టించినవాడు తమిళుడు. ఆంగ్లికను సంఘములో బిషప్పు పదవి పొందిన మొట్టమొదటి భారతీయుడు. పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తెలుగువారిలో ముప్పది అయిదేండ్లు బ్రతికి, తెలుగునేలలోనే కన్నుమూసినాడు.

ఆ కట్టడమును గురించి చెప్పదగినది ఇంకను ఉన్నది గాని, నేను చెప్పదలచినది ఆయన కట్టబూనిన మరొక కట్టడమును గురించి. అది ఆయన బ్రతికియుండగా పూర్తికాలేదు.

అజరయ్య 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి జిల్లాలోని వెల్లాలన్‌విలై అను చిన్న గ్రామములో జన్మించినాడు. వారిది నాడార్ కుటుంబము. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి పాదిరి. మిషను బడిలో చదువుకొనుచు క్రైస్తవుడైనవాడు. 1889లో తండ్రి గతించగా తల్లి ఎల్లెన్ బిడ్డను భక్తిలోను క్రమశిక్షణలోను పెంచినది. చిన్ననాడు మెయ్ఞానపురము బడిలో ఉన్నప్పుడే, క్రైస్తవ విద్యార్థులలో సైతము కులమును బట్టి ఎడముగా ఉండుట చూచి, దానిని పోగొట్టుటకై తోడివారితో కలిసి ఒక సమాజమును పెట్టినాడందురు. తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితము చదివినాడు. పట్టపరీక్షవేళకు జబ్బుపడినాడు. మరల ఆ పరీక్షకు కూర్చుండలేదు. పట్టము లేని ఆ మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు బిరుదము నిచ్చినది. పరీక్షలు పెట్టుటయే వృత్తిగా గల మావంటివారికి ఇది కొంచెము చురుక్కుమనిపించే సంగతి.

1895లో అజరయ్య యువజన క్రైస్తవ సమాజములో, అనగా వై.ఎం.సి.ఏ.లో, కార్యదర్శిగా చేరి దక్షిణదేశమంతయు తిరిగినాడు. షేర్వుడ్ ఎడ్డీ అను అమెరికా యువకునితో ఆ రోజులలో కలిగిన స్నేహము కడవరకు నిలిచినది. 1898లో అన్బు మరియమ్మాళ్ అను విద్యావతిని కట్నము లేకుండ వివాహమాడినాడు. ఆ కాలములో కళాశాల చదువు చదివిన దక్షిణాది క్రైస్తవ స్త్రీలు మిక్కిలి అరుదు.

1902లో పనిమీద సింహళములోని యాళ్పాణమునకు పోయినాడు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుష్యులతో సువార్తపని నడుపుచున్నారు. అంతకంటె ఎక్కువ సంఖ్యలో క్రైస్తవులున్న తిరునెల్వేలి మాత్రము తెల్లదొరల చేతివైపు చూచుచు కూర్చున్నది. ఆ సిగ్గుతో తిరిగివచ్చినవాడు, మరుసటి ఏడే తన జిల్లాలో భారతీయ మిషనరీ సంఘమును నెలకొల్పుటకు కారకుడైనాడు. డబ్బు మనది, మనుష్యులు మనవారు, నడపుట మనది అన్నది దాని నియమము. 1905 డిసెంబరు 25వ తేదీన శ్రీరాంపూరులో జాతీయ మిషనరీ సంఘము పుట్టినప్పుడు దాని స్థాపకులలోను ఆయన ఉన్నాడు. ఇందులో వేరువేరు శాఖలవారు కలిసి కూర్చున్నారన్నది మనము గుర్తుంచుకొనదగిన విషయము.

తిరునెల్వేలి సంఘము తన పనికి ఎంచుకొన్న చోటు నిజాము రాజ్యములోని డోర్నకల్లు. తమిళదేశమునుండి మనుష్యులను పంపి, తమిళుల కానుకలతో వారిని పోషించిరి. కొన్నియేండ్లు దూరమునుండి ఆ పనిని చూచిన తరువాత అజరయ్యకు ఒక సంగతి తోచినది: ఇతరులను పొండని పంపుచు తాను మాత్రము పట్టణములో ఉండుట న్యాయము కాదని. 1909లో పేరున్న కార్యదర్శి పదవిని వదలి, గురుపట్టము పుచ్చుకొని, భార్యాబిడ్డలతో డోర్నకల్లు చేరినాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్పది అయిదు.

ఆ వయస్సులో తెలుగు అక్షరములు దిద్దవలసివచ్చినది. భాష నేర్పు పనిలో చాల ఏండ్లు గడిపినవాడను గనుక దీనిని గురించి ఒక మాట చెప్పుటకు నాకు కొంత అధికారమున్నదనుకొందును. తమిళ లిపిలో క ఖ గ ఘ అను నాలుగింటికి ఒక్కటే అక్షరము. ఆ అలవాటుతో పెరిగినవానికి మన ఒత్తులు నోట పలుకుట సులభము కాదు. వేదికలపై వేలమందిని కదలించిన వక్త, కూలిపనికి పోవు తల్లుల ముందు తడబడుచు మాటలాడవలెను. వారు నవ్విన నవ్వవలెను. పెద్దవాడైన తరువాత మరల పిల్లవాడగుట కంటె మనిషి గర్వమును తగ్గించునది మరొకటి లేదు. అజరయ్య ఆ భాషను చక్కగా నేర్చి, అందులోనే ప్రసంగించినాడు, ఆరాధన నడిపినాడు.

మరుసటి సంవత్సరము, 1910లో, స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. వచ్చిన ప్రతినిధులు 1200 మందికి పైన. వారిలో ఆసియావారు ఇరువదిమంది కూడ లేరు. విదేశ మిషనరీలకును దేశీయ పనివారికిని గల సంబంధమును గురించి మాటలాడవలసినదిగా అజరయ్యను కోరిరి. పొగడ్తలతో సరిపుచ్చి కూర్చుండవచ్చును. ఆయన ఆ పని చేయలేదు. ఏండ్ల తరబడి ఒకే ఊరిలో పనిచేయుచు తోడి భారతీయునితో చేయి కలపని దొరలున్నారనీ, ఒక్కపూట భోజనమునకు పిలువనివారున్నారనీ, యజమాని, సేవకుల సంబంధమును స్నేహమని భ్రమపడుచున్నారనీ, వారి దేశములో, వారి ముఖముమీదనే చెప్పినాడు. మిషనరీలు చేసిన త్యాగములను ఆయన తక్కువ చేయలేదు. ఆస్తులు ఇచ్చినారు, ప్రాణములు ఇచ్చినారు, మీకు కృతజ్ఞులము. ఇక మాకు కావలసినది ప్రేమ, స్నేహితులను ఇయ్యండి అన్న అర్థముతో ముగించినాడు. సభలో కొందరికి కోపము వచ్చినది, కొందరికి కన్నీరు వచ్చినది. ఆ మహాసభలో చదివిన నివేదికలు సంపుటములుగా అచ్చుపడినవి. లోకము మరువక చెప్పుకొనుచున్నది మాత్రము ఆ తమిళుని ప్రసంగమును.

వినయమనగా తల వంచుకొని ఊరకుండుట అనుకొనువారికి ఈ ప్రసంగము వినయముగా తోచదు. అజరయ్య వినయము ఆ జాతిది కాదు. ఎదుటివారి గర్వమును వేలెత్తి చూపుట ఆయనకు చేతనగును. ఇతరులనుండి ఏమి కోరినాడో దానిని తానును ఇయ్యవలసిన దినములు ముందున్నవి. నా దృష్టిలో ఆయన జీవితమునకు అదియే అసలు పరీక్ష.

మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ అజరయ్యను బిషప్పును చేయదలచినప్పుడు అలజడి రేగినది. తెల్ల మిషనరీలు నల్లవాని క్రింద పనిచేయుదురా అని కొందరు దొరలు అడిగినారు. ఇతడు నాడార్, ఇతనిని ఎట్లు ఒప్పుకొందుమని గొణిగిన భారతీయ క్రైస్తవులును లేకపోలేదు. చివరకు 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రలులో అభిషేకము జరిగినది. మొదట ఆయన కిచ్చిన డయోసిస్ చిన్నది. 1920 తరువాత కృష్ణా మండలమును చుట్టుపట్ల ప్రాంతములును చేరుటతో అది విశాలమైనది. ఆంగ్లేయ మిషనరీలును ఆయన అధికారము క్రిందికి వచ్చినారు. ఆయన చివరి దినములనాటికి అందులోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటినది.

ఆ రెండు లక్షలమందిలో మిక్కిలి భాగము మాలలు, మాదిగలు. ఇక్కడ మనము కొంచెము ఆగవలెను. ఎడింబరోలో అజరయ్య వర్ణించిన ఎడము తెల్లవారికిని నల్లవారికిని మధ్యనున్నది. తెలుగు పల్లెలో దానిని మించిన ఎడము మాలపల్లెకును మాదిగగూడెమునకును మధ్య నున్నది. మాలలు చేరిన సంఘములోనికి మాదిగలు రారు. మాదిగలు చేరినచోట మాలలు రారు. నీళ్ళు వేరు, పెండ్లిళ్ళు వేరు, వల్లకాడు కూడ వేరు. ఆంగ్లికను సంఘములో ప్రభువు భోజనము నాడు ద్రాక్షారసపు గిన్నె ఒక్కటే. ఒకరి తరువాత ఒకరు దానినే పెదవులకు తాకించుకొనవలెను. ఎంగిలి అన్న మాటకు మన దేశములో ఎంత బలమున్నదో తెలిసినవారికి ఆ గిన్నె ఎంత బరువైనదో చెప్పనక్కరలేదు. అజరయ్య ఆ విషయములో సడలింపు ఇయ్యలేదు. కులమును బయట విడువక బల్లయొద్దకు రావలదన్నది ఆయన పట్టుదల. తానును అదే నేలమీద, అదే పంక్తిలో వారితో కూర్చుండి భుజించినాడు. పూర్తిగా గెలిచినాడా అంటే లేదు. ఈ విషయములో తెలుగు క్రైస్తవ సంఘము పూర్తిగా గెలిచినదని నేటికిని ఎవరును చెప్పజాలరు.

బండిమీద ఊరూరు తిరుగుట, గుడారములో రాత్రులు గడపుట ఆయన బిషప్పురికపు రీతి. అప్పు, త్రాగుడు, మురికి, రోగము అను నాలుగింటిని పల్లెకు పట్టిన దయ్యములుగా ఎంచి వాటితో పోరినాడు. బాప్తిస్మము పొందిన ప్రతివానిచేత తలమీద చేయి ఉంచుకొనజేసి, సువార్త చెప్పకపోయిన తనకు శ్రమ అను పౌలు మాటను పలికించెడివాడు. వంటకు కొలిచిన బియ్యములోనుండి పిడికెడు తీసి దేవుని పనికి వేరుపరచు అలవాటును స్త్రీలలో పెంపొందించినాడు. పేదవాడు పుచ్చుకొనుట మాత్రమే నేర్చినచో వానికి తల ఎత్తుట రాదని ఆయన నమ్మకము. తెలుగు కీర్తనలను, పంటపండుగలను, ఊరేగింపులను ఆరాధనలోనికి తెచ్చినాడు. మెత్తని మనిషి మాత్రము కాడు. కాలనియమము తప్పినవారిని, నడవడి తప్పిన పనివారిని సహించెడివాడు కాడు. ఆ కాఠిన్యము కొన్నియెడల మితిమించినదన్న విమర్శయు కలదు.

ఇక శాఖల సంగతి. పందొమ్మిదవ శతాబ్దములో తెలుగుదేశమునకు వచ్చిన మిషనులు ఒకరి పొలములో ఒకరు విత్తకుండ జిల్లాలు పంచుకొన్నవి. నెల్లూరు, ఒంగోలు ప్రాంతములు బాప్టిస్టులవి. గుంటూరు, రాజమండ్రి లూథరనులవి. కడప లండను మిషనువారిది. మెదకు వెస్లియనులది. మచిలీపట్నము ఆంగ్లికనులది. ఈ పంపకము వలన మిషనులలో తగవులు తగ్గినవి, నిజమే. కాని ఫలితమేమి? ఒక రైతుకూలీ ఏ శాఖ క్రైస్తవుడగునన్నది అతని నమ్మికను బట్టి గాక అతడు పుట్టిన తాలూకాను బట్టి తేలినది. జర్మనీలోను, ఇంగ్లండులోను, అమెరికాలోను ఎన్నడో జరిగిన తగవులకు ఒంగోలు కూలీ ఒక పక్షము, బందరు కూలీ ఒక పక్షము. కూతురిని పొరుగు జిల్లాకు ఇచ్చినచో ఆమె అక్కడ ప్రభువు బల్లయొద్దకు పోవచ్చునో లేదో తెలియదు.

1919 మే 1, 2 తేదీలలో తరంగంబాడిలో ఒక చిన్న కూటము జరిగినది. 1706లో డేనిషు మిషనువారు అడుగుపెట్టిన ఆ సముద్రతీరములో 33 మంది గుమికూడినారు. ఇద్దరు తప్ప అందరును భారతీయులు. అజరయ్య అధ్యక్షుడు. ఆంగ్లికనులును, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలువారు కలిసి 1908లో ఏర్పరచుకొన్న దక్షిణ ఇండియా ఐక్య సంఘమువారును అందులో ముఖ్యులు. యూరపు మహాయుద్ధము ముగిసి ఆరు నెలలు; క్రైస్తవ రాజ్యములు ఒకదానినొకటి చీల్చుకొన్న చూపు అందరి కన్నులయెదుట ఉన్నది. వారు ప్రకటించిన దాని సారము ఇది: ఈ చీలికలు మేము చేసినవి కావు, బయటనుండి మా నెత్తిన పెట్టినవి, వీటిని కొనసాగించుట మాకు ఇష్టము లేదు. బైబిలు, ప్రాచీన విశ్వాసప్రమాణములు, బాప్తిస్మము, ప్రభు భోజనము, బిషప్పుల వ్యవస్థ అను పునాదిమీద కలిసిపోదమని ప్రతిపాదించినారు.

రెండు దినములలో వ్రాసిన ఆ కాగితము ఆచరణకు వచ్చుటకు 28 ఏండ్లు పట్టినది. ఎందువలన? అందరికిని ఐక్యత కావలెను. మీరు మావలె అయినచో కలియుదుమని ప్రతివారి అంతరంగము. చిక్కు అంతయు బిషప్పు చేతినుండి అభిషేకము పొందని పాదిరులను గురించి. ఆంగ్లికను సంప్రదాయములో బిషప్పు చేతులుంచినవాడే గురువు. ఇతర శాఖలలో ముప్పది, నలువది ఏండ్లు సేవచేసిన వృద్ధ పాదిరులను మరల మోకరించి క్రొత్తగా అభిషేకము పొందుడనుట వారి జీవితమంతయు చెల్లదనుట వంటిది. అట్లు కాదన్నచో బిషప్పు పదవికి అర్థమేమి అని ఆంగ్లికనుల ప్రశ్న. అవతలివారికి బిషప్పు అన్న మాటలోనే దొరతనపు వాసన. 1925లో మెథడిస్టులును చర్చలలో చేరినారు. బొంబాయి బిషప్పు పామర్, పసుమలై బానింగా వంటివారు ఏండ్ల తరబడి ముసాయిదాలు దిద్దినారు. 1929లో మొదటి ప్రణాళిక అచ్చయినది. తరువాత సవరణలు, సవరణలకు సవరణలు.

అజరయ్య స్వయముగా బిషప్పు. భారతీయులలో ఆ పదవి మొదట దక్కినవాడు. దాని విలువను నిలుపుటకు ఆయనకంటె ఎక్కువ కారణము ఎవరికున్నది? అట్టివాడు, ఉన్న పాదిరులందరిని ఉన్నవారిని ఉన్నట్లే అంగీకరింతము, ఇకమీదట జరిగే అభిషేకములు మాత్రమే బిషప్పుల చేతిమీదుగా జరుగుగాక అన్న పరిష్కారమువైపు నిలిచినాడు. ఎడింబరోలో దొరలను అడిగినది ఇక్కడ తాను ఇచ్చినాడని నేను తలచెదను. 1927లో స్విట్జర్లండులోని లోజాను సభలో, పాశ్చాత్య దేశములలో ఐక్యత ఒక మంచి ఆదర్శము కావచ్చును గాని మాకది ప్రాణావసరమనీ, అక్కడ చీలికలు బలహీనతయైతే ఇక్కడ అవి పాపమనీ నిర్మొగమాటముగా చెప్పినాడు. ఇంగ్లండులో ఈ ప్రణాళికపై దుమారము రేగినది. సాహిత్య ప్రియులకు ఒక విశేషము: ఆధునికాంగ్ల కవులలో అగ్రగణ్యుడైన టి.ఎస్. ఎలియట్ 1943లో దీనిని ఖండించుచు ఒక చిన్న పుస్తకమే వ్రాసినాడు. లండనులో కూర్చున్న మహాకవికి తెలుగు పల్లెలోని ఆ కూతురి చిక్కు తెలియుట కష్టము.

దేశ రాజకీయములలోను అజరయ్యకు చీలిక గిట్టలేదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని వాదించినాడు. అయినను మతాంతరీకరణము విషయములో 1937 ప్రాంతమున గాంధీమహాత్మునితో ఆయనకు తీవ్రమైన భేదాభిప్రాయము కలిగినది. హరిజనులకు ఆశలు చూపి మతము మార్చుచున్నారని మహాత్ముడు తలచినాడు. పల్లె పేదలకును తమ మతమును తాము ఎంచుకొను బుద్ధి ఉన్నదన్నది అజరయ్య మాట. ఇద్దరును తమ నమ్మికను విడువలేదు. అంబేద్కరు 1935లో యేవలాలో హిందువుగా చనిపోనని ప్రకటించిన తరువాత అజరయ్యకు ఆయనతో ప్రసంగము కలిగినది. తనవారు క్రైస్తవులైనచో ఏ శాఖలో చేరవలసియుండును, ఊరికొక శాఖగా చెదరిపోరా అని అంబేద్కరు అడిగినప్పుడు తనవద్ద జవాబు లేకపోయినదని అజరయ్య తోటివారితో చెప్పుకొన్నట్లు ఆయన చరిత్రకారులు వ్రాసినారు. నలుబది ఏండ్లు ప్రసంగములు చేసిన మనిషి ఆ ఒక్క ప్రశ్న ముందు సిగ్గుపడి ఇంటికి వచ్చినాడు.

1944 చివర పల్లెల పర్యటనలో జ్వరము తగిలినది. 1945 జనవరి 1వ తేదీన డోర్నకల్లులో ఆయన మరణించినాడు. తాను కట్టించిన దేవాలయపు ఆవరణలోనే సమాధి చేసినారు. ఆ జనవరిలోనే ఆంగ్లికను సంఘపు మహాసభ కూడి ఐక్యతకు ఓటు వేసినది. పాతికేండ్లుగా ఆ ఓటు కొరకు వాదించినవాని కుర్చీ ఖాళీగా ఉన్నది.

1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులోని సెయింట్ జార్జి కథీడ్రలులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. బిషప్పులున్న శాఖయు బిషప్పులు లేని శాఖలును ఆ రీతిగా ఒక్కటి కావడము లోకములో అదియే మొదటిసారి. డోర్నకల్లువారు, మెదకువారు, కడపవారు ఒకే సంఘమువారైనారు. గుంటూరు లూథరనులు, ఒంగోలు బాప్టిస్టులు అందులో చేరలేదు. అంతకంటె ఆశ్చర్యమేమనగా, అజరయ్య డయోసిస్‌లోనిదే అయిన నంద్యాల ప్రాంతములోని ఆంగ్లికనులలో అధికభాగము వెనుదీసినారు. ఆయన తన చేతులతో బాప్తిస్మమిచ్చిన పల్లెలవారు, చేతులుంచి అభిషేకించిన పాదిరులు వారిలో ఉన్నారు. నంద్యాల దక్షిణ ఇండియా సంఘములో కలియుట 1970 దాటిన తరువాతగాని జరుగలేదు.